తెగిన మోకు - నిలిచిన మాట: ఎలీషా ఓటిసు జీవితము

గొప్ప వక్తల చరిత్రములు మన పాఠ్యపుస్తకములయందు పెక్కు కలవు. గంటలకొలది మాటలాడి మహాసభలను కరగించినవారిని గూర్చి మేము తరగతులలో బోధించుచునే యున్నాము. కాని తాను చేసిన వస్తువును అమ్మదలచి, జనసమూహము నడుమ నిలిచి, నాలుగైదు మాటలకు మించి పలుకక, చూచినవారు జీవితకాలము మరువలేని విధమున తన సంగతి తెలియజెప్పిన యొక పనివాని చరిత్రము మన బాలబాలికలకు అంతగా తెలియదు. ఆయన పేరు ఎలీషా గ్రేవ్స్ ఓటిసు. నేడు లోకములోని ప్రతి పెద్ద పట్టణమునందును ప్రజలు లిఫ్టులో కాలు పెట్టి, ప్రాణభయమనునది తలపునకైన రాకుండ పై అంతస్తులకు పోవుచున్నారు. ఆ నిర్భయత్వమునకు మూలపురుషుడు ఈయనయే. ఈయన జీవితమునుండి మన విద్యార్థులు నేర్వదగినది యొకటి కలదని తోచి, ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఓటిసు క్రీ.శ. 1811వ సంవత్సరము ఆగస్టు నెల 3వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వెర్మాంటు రాష్ట్రమున, హాలిఫాక్సు అను గ్రామమునందు జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. సంతానములో ఈయన కడసారివాడు. ఆ కొండసీమలో సేద్యము తప్ప వేరు బ్రతుకుతెరువు అంతగా లేకుండెను. బాలునకు నాగలికంటె పనిముట్లయందే మక్కువ మెండు. ఇరువదియేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని ట్రాయి పట్టణము చేరి, అచట అయిదేండ్లు బండి తోలి జీవించెను. 1834లో సూసాను హౌటను అను నామెను వివాహమాడెను. వారికి చార్లెసు, నార్టను అను నిరువురు కుమారులు కలిగిరి.

ఇంతలో ఓటిసునకు ఊపిరితిత్తుల జబ్బు సోకి ప్రాణముమీదికి వచ్చెను. కోలుకొనిన పిమ్మట, కూడబెట్టిన కొలదిపాటి సొమ్ముతో మరల వెర్మాంటు కొండలకు పోయి, గ్రీన్ రివర్ అను నదియొడ్డున కొంత నేల కొని, తన చేతులతోనే యొక పిండిమరను కట్టెను. మర చక్కగా తిరిగెను గాని దానివలన వచ్చు రాబడి కుటుంబమునకు చాలదయ్యెను. దానిని కర్రకోత మిల్లుగా మార్చెను. అదియు సాగలేదు. తుదకు బండ్లు చేసి అమ్మసాగెను. ఈ పనియందు ఆయనకు మంచి నేర్పు కలదు. బండి కుదుపును తగ్గించు కమాను ఎంత బరువునకు ఎంత వంగునో, బరువు తీసిన వెంటనే ఎట్లు చాచుకొనునో ఆయన చేతులకు ఈ కాలమునందే తెలిసినది. ఈ తెలివి పిమ్మట అక్కరకు వచ్చిన విధమును చదువరులు ముందు చూతురు. ఇంతలోనే భార్య మరణించెను. పెద్దకుమారుడు ఇంకను చిన్నవాడు, రెండవవాడు పసివాడు.

1845లో, ముప్పదినాలుగేండ్ల వయస్సున, ఓటిసు పిల్లలను వెంటబెట్టుకొని ఆల్బనీ నగరమునకు పోయి, మంచములు చేయు కార్ఖానాలో పనికి కుదిరెను. మంచపు పట్టెలను చేతితో నున్నగా చేయుటకు పట్టు కాలమును చూచి విసిగి, ఆ పనిని నాలుగింతలు వేగముగా చేయు యంత్రమును కల్పించెను. యజమాని సంతసించి 500 డాలర్లు బహుమానమిచ్చెను. ఆ సొమ్ముతో ఓటిసు స్వంతముగా పని పెట్టుకొని, ఒక యేటి నీటి బలముచే యంత్రములను త్రిప్పుచు, రైలుబండ్లను తటాలున నిలుపు సాధనము, రొట్టెలను కాల్చు పొయ్యి మున్నగువానిని గూర్చి ఆలోచించుచుండెను. నగరవాసుల త్రాగునీటి కొరకు పురపాలకులు ఆ యేటిని మరలించుకొనిరి. యంత్రములు నిలిచిపోయినవి. న్యాయమైన కారణమేయైనను ఆయన బ్రతుకు మరల వీధిన బడెను.

1851లో ఆయన ఆల్బనీ విడిచి న్యూజెర్సీకిని, పిదప న్యూయార్కు నగరమునకు ఉత్తరమున నున్న యాంకర్సు పట్టణమునకును పోయెను. మూతపడిన కర్రకోత మిల్లు నొకదానిని మంచముల కార్ఖానాగా మార్చు పని ఆయనకు అప్పగింపబడెను. అచట బరువైన సామగ్రిని క్రింది అంతస్తునుండి పై అంతస్తునకు ఎక్కింపవలసివచ్చెను. చదువరులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఓటిసు లిఫ్టును కనిపెట్టెనని పలువురు చెప్పుదురు, అది సరికాదు. కప్పీతోను మోకుతోను బరువులను పైకెత్తుట రోమనుల కాలమునాటికే యున్నది. ఓటిసు కాలమునాటికి ఆవిరియంత్రముచే నడుచు ఎత్తుబల్లలును కార్ఖానాలలో కలవు. కాని వానికన్నిటికి ఒకటే లోపము. మోకు తెగినచో బల్లయు, బరువును, దానిపై నున్న మనుష్యుడును ఒక్కసారిగా క్రింద బడుదురు. ఇట్టి ప్రమాదములకు జడిసి, మనుష్యుడు తెలిసి తెలిసి ఆ బల్ల నెక్కుటకు ఇష్టపడకుండెను.

ఓటిసు ఈ లోపమునకు కనుగొనిన మందు మిక్కిలి సులభమైనది. బల్ల పైకి పోవు దారికి ఇరుప్రక్కల నిలిపిన స్తంభములకు, రంపపు పండ్లవంటి పండ్లుగల పట్టెలను బిగించెను. బల్లపై నున్న చట్రమునకు బండి కమాను నొకదానిని అమర్చి, మోకు కొనను ఆ కమానునకే కట్టెను. బరువుచే మోకు బిగువుగా నున్నంతసేపు కమాను వంగి, దాని కొనలు పండ్లకు తగులకుండ లోపలనే యుండును. మోకు తెగిన తక్షణమే బిగువు సడలి కమాను చాచుకొనును. కొనలు రెండును ఇరుప్రక్కల పండ్లలో దిగి బల్లను పట్టి నిలుపును. మనుష్యుడు చూచి, తలచి, చేయి చాచి చేయవలసినది ఏదియు లేదు. ఏ కారణముచే ఆపద కలుగుచున్నదో ఆ కారణమే ఆపదను ఆపు సాధనమును కదలించును. ఇదియే దానియందలి గొప్పతనము. గ్రీన్ రివర్ ఒడ్డున బండ్లు చేసిన నాటి నేర్పు ఇట్లు ఫలించెను.

ఆశ్చర్యమేమన, ఓటిసు మొదట దీనిని గొప్ప సంగతిగా తలపలేదు. పేటెంటు కొరకు దరఖాస్తు పెట్టలేదు, బహుమానము అడుగలేదు. మంచముల వ్యాపారము తగ్గిపోవుచుండగా, కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని అందరును పోవుచున్న ఆ దినములలో తానును అచటికి పోదమని తలచెనని చెప్పుదురు. ఇంతలో న్యూయార్కులోని ఒక మంచముల వ్యాపారి తన కార్ఖానా కొరకు ఇట్టి ఎత్తుబల్లలను రెండింటిని కోరెను. ప్రయాణము మానుకొని, 1853లో ఓటిసు యాంకర్సునందే చిన్న కర్మాగారము నొకదానిని ప్రారంభించెను. కాని ఆ తొలి బేరముల పిమ్మట కొన్ని నెలల వరకు కోరినవారు లేరైరి.

ఈ స్థితిని మన విద్యార్థులు ఊహించుకొనవలెను. వయస్సు నలువది దాటినది. పిండిమర పోయినది, కోతమిల్లు పోయినది, ఆల్బనీలోని పని పోయినది. చేతిలో నున్నది ఒక్క మంచి వస్తువు. ఆ వస్తువు మంచిదని తనకు తెలియును, లోకమునకు తెలియదు. తెలియజెప్పుట యెట్లు? పత్రికలలో ప్రకటింపవచ్చును. కాని మోకు తెగినను బల్ల పడదని కాగితముపై వ్రాసినంతమాత్రమున ఎవ్వరు నమ్ముదురు? మోకు తెగి మనుష్యులు చచ్చుట ప్రజలు కన్నులార చూచియున్నారు. కంటితో చూచి పుట్టిన భయమును చెవికి చెప్పు మాట పోగొట్టజాలదు.

ఆ కాలమున న్యూయార్కునందు గొప్ప ప్రదర్శనము జరుగుచుండెను. లండనులో 1851లో జరిగిన మహాప్రదర్శనమును చూచి, అమెరికావారును అట్టిదానినే తలపెట్టి, ఇనుముతోను అద్దములతోను క్రిస్టల్ ప్యాలెస్ అను భవనమును కట్టి, 1853 జూలైలో తెరచిరి. అది నేడు బ్రయంట్ పార్కు అని పిలువబడుచున్న చోట నుండెను. దేశదేశముల యంత్రములు, శిల్పములు, వస్త్రములు అందు చూపబడినవి. ఇంత చేసినను ప్రదర్శనమునకు నష్టమే వచ్చుచుండగా, 1854లో వింతలు చూపి జనమును రప్పించుటయందు పేరుమోసిన పి. టి. బార్నము అధ్యక్షుడుగా నియమింపబడెను. ఆ సంవత్సరమే ఓటిసు తన ఎత్తుబల్లను ఆ భవనమునందు నిలిపెను.

ఆయన చేసిన పనిని వినుడు. నలుదిక్కులు తెరిచియుండి, దూరమున నున్నవారికిని కనబడునట్లుగా, ఎత్తైన స్తంభముల నడుమ బల్లను అమర్చెను. దానిపై పెట్టెలు, పీపాలు మున్నగు బరువులను పెట్టించెను. పిదప తానే దానిపై నెక్కి నిలిచెను. మోకుచే బల్ల జనుల తలలకు పైగా చాల ఎత్తునకు లేచెను. చూచువారు ఇదియు ఇతర ఎత్తుబల్లలవంటిదే కదా యని తలచుచుండిరి. అప్పుడు ఓటిసు పైనున్న పనివానికి మోకును తెంపుమని ఆజ్ఞాపించెను. పదునైన ఆయుధపు దెబ్బకు మోకు తెగెను. జనులు ఉలికిపడిరి. బల్ల కొన్ని అంగుళములు మాత్రము జారి, టక్కున నిలిచెను. ఓటిసు తన టోపీని తీసి జనులకు నమస్కరించి, అంతయు క్షేమముగా నున్నదని రెండుమూడు మాటలలో తెలియజేసెను. అంతటితో సరి. ఇట్లు ఆ ప్రదర్శనమునందు పలుమారులు చేసి చూపెను.

ఈ కొలది నిమిషముల పనియందు ఎంత వివేకమున్నదో మేము విప్పి చెప్పదలచితిమి. ఓటిసు తన యంత్రమునుగూర్చి చెప్పదగిన సంగతులు పెక్కు గలవు. అది ఎంత బరువు నెత్తును, ఎంత వెల పడును, ఎంతమంది కూలీల పని చేయును అను వానిని వివరింపవచ్చును. వానినన్నిటిని విడిచిపెట్టెను. వినువారి మనస్సులలో నున్న ప్రశ్న ఒక్కటే యని ఆయన యెరుగును: మోకు తెగినచో నేమగును? ఆ యొక్క ప్రశ్ననే తీసికొని, దానికి మాటతో గాక మోకును తెంపియే జవాబిచ్చెను. ప్రజలు దేనిని తలచి భయపడుచుండిరో దానినే దాచక, వారి కన్నులయెదుట జరిపించెను. వస్తువును అమ్మవచ్చినవాడు సాధారణముగా దానిలోని అపాయమును కప్పిపుచ్చును. ఈయన అపాయమునే ముందు పెట్టెను.

రెండవది ఇంకను గొప్పది. బల్లపై బరువులు మాత్రముంచి మోకును తెంపించినను యంత్రము పనిచేయుట కనబడును. కాని బల్ల నిలువకపోయినచో పోవునది పెట్టెలును పీపాలును మాత్రమే. ఓటిసు తానే నిలిచినందున, తప్పినచో పోవునది తన ప్రాణము. తాను చెప్పు సంగతికి తన దేహమునే పూచీగా పెట్టెను. ఆ కారణముననే ఆయనకు ఎక్కువ మాటలు కావలసిరాలేదు. పూచీ తక్కువైనకొలది మాటలు ఎక్కువగు ననుట మా యనుభవము.

ఇట్లు చెప్పుటచే, సాహసము చేసి జనులను బెదరించుటయే గొప్పయని మన బాలురు తలపరాదు. ఓటిసు దైవాధీనమని కన్నులు మూసికొని ఎక్కలేదు. యాంకర్సు కార్ఖానాలో ఆ సాధనమును ముందే పరీక్షించి, నిలుచునని ఎరిగియుండెను. జనులకు సాహసముగా కనబడినది ఆయనకు లెక్కప్రకారము జరుగు పని. కమాను, పండ్లు, బరువు అను మూటిని చేతులార ఎరిగినవాడు గనుకనే ఆయన నిశ్చింతగా నిలువగలిగెను. ఆ కొలది నిమిషముల వెనుక ఇరువది యేండ్ల పనితనము కలదు.

ప్రదర్శనముతో ఓటిసు ఒక్కదినమున ధనవంతుడు కాలేదు. కోరువారు ఏటేట కొంత కొంతగా పెరిగిరి. మొదట వారందరును సరకుల నెత్తుటకే కోరిరి. మనుష్యులను ఎక్కించుటకు ఇంకను మూడేండ్లు పట్టెను. 1857 మార్చి 23వ తేదీన న్యూయార్కు నగరములో, బ్రాడ్వే వీధియందలి హావౌటు అను వర్తకుని అయిదంతస్తుల అంగడిలో, మనుష్యుల నెక్కించు ఓటిసు లిఫ్టు ఆవిరియంత్రపు బలముచే నడువసాగెను. పింగాణి పాత్రలు, గాజు దీపములు అమ్ము అంగడి యది. నిమిషమునకు నలువది అడుగుల వేగముతో ఆ లిఫ్టు పైకి పోవుచుండెను. ఆ భవనము నేటికిని నిలిచియున్నది. ఓటిసు మోకును తెంపించిన క్రిస్టల్ ప్యాలెస్ మాత్రము 1858 అక్టోబరు 5వ తేదీన అగ్నికి ఆహుతి యయ్యెను.

1861 జనవరి 15వ తేదీన ఓటిసునకు తన ఎత్తుయంత్రమును గూర్చిన పేటెంటు లభించెను. దాని ఫలమును అనుభవించు భాగ్యము ఆయనకు లేకపోయెను. గొంతువాపు జ్వరమగు డిఫ్తీరియా సోకి, ఆ సంవత్సరమే ఏప్రిలు 8వ తేదీన యాంకర్సునందు నలువదితొమ్మిదేండ్ల వయస్సున మరణించెను. నాలుగు దినములకు అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. ఆయన విడిచిపోయినది పెద్ద ఆస్తి కాదు. చిన్న కర్మాగారమును, మంచి పేరును మాత్రమే. తల్లిని పసితనముననే పోగొట్టుకొని, తండ్రివెంట ఊరూరు తిరిగి, ఆయన ప్రక్కన పనినేర్చిన కుమారులు చార్లెసు, నార్టను ఆ కర్మాగారమును నిలబెట్టి, 1867లో ఓటిసు సోదరుల కంపెనీగా స్థాపించిరి. 1889లో పారిసునందు ఈఫిలు గోపురము వెలసినప్పుడు, దాని వంకర కాళ్లలో రెంటియందు పైకిపోవు లిఫ్టులను అమర్చినది ఈ కంపెనీయే. 1931లో న్యూయార్కున 102 అంతస్తులతో కట్టిన ఎంపైరు స్టేటు భవనమునందును, 2010లో దుబాయిలో తెరచిన బుర్జు ఖలీఫాయందును ఓటిసు లిఫ్టులే పెట్టబడినవి.

ఈయన పని పట్టణముల రూపమునే మార్చివేసెను. లిఫ్టు లేని కాలమున మనుష్యుడు మెట్లెక్కగలిగినంత ఎత్తే భవనమునకు ఎత్తు. అయిదారు అంతస్తులకు మించి కట్టుట అరుదు. పై అంతస్తులు అలసటకు నెలవులగుటచే అందు అద్దె తక్కువ. పేదలును పనివారును అచట నుండెడివారు. లిఫ్టు వచ్చిన పిమ్మట గాలియు వెలుతురును గల పై అంతస్తులకే గిరాకి హెచ్చెను. నేడు మన హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడలలోని ఎత్తైన ఇండ్లలో వృద్ధులును, రోగులును, చంకబిడ్డల తల్లులును నిశ్చింతగా నివసించుటకు, మోకు తెగినను బల్ల పడదను ఆ నమ్మకమే పునాది.

ఇప్పుడు మా విద్యార్థులతో ఒకమాట. నేటి కాలమున కొత్త వ్యాపారమును తలపెట్టిన యువకులు ధనసహాయము కోరి పెద్దల సభయెదుట నిలిచి, రెండు మూడు నిమిషములలో తమ సంగతిని చెప్పవలసివచ్చుచున్నది. 2015లో హైదరాబాదునందు నెలకొల్పిన టీ-హబ్ వంటి చోట్ల మన తెలుగు యువకులును ఈ పనిని చేయుచున్నారు. మన పాఠశాలలయందు జరుగు విజ్ఞాన ప్రదర్శనములలో మీరు మీ నమూనాల ప్రక్కన నిలిచి పరీక్షకులకు చెప్పునదియు ఇట్టిదే. అట్టి తావుల మేము తరచుగా చూచుచున్నది యేమనగా, బాలురు అట్టమీద వ్రాసినదంతయు ఊపిరి తిరుగకుండ అప్పజెప్పుదురు. నమూనా ప్రక్కననే యుండును. దానిని కదలించి చూపుట మరతురు. విన్నవారు తల యూపి ముందునకు పోవుదురు. సాయంకాలమునకు ఏదియు జ్ఞాపకముండదు.

మాటలాడుటకు నిలిచినప్పుడు ఓటిసును తలచుకొనుడు. వినువారి మనస్సులో నున్న సందేహమేదియో ముందు కనుగొనుడు. దానిని తప్పించుకొనక, దానికే ఎదురునిలుచుడు. చూపగలిగినదానిని చూపుడు. మీరు చెప్పుదానిలో మీకు పూచీ యెంతయో మీలో మీరే ప్రశ్నించుకొనుడు. పూచీ లేనిచో సభకు పోకముందు మరల పనిముట్ల యొద్దకు పొండు. అచట ముగియవలసిన పని మిగిలియున్నదని యెరుగుడు. పూచీ కలదేని, నాలుగు మాటలు చాలును. ఆ మీదట నోరు మూసికొని నిలిచియుండుటయు నేర్చుకొనుడు. మోకు తెగిన పిమ్మట బల్ల నిలిచినదా లేదా యన్నది చూచువారే చెప్పుదురు.